రువాండా అగ్నిపర్వతాల జాతీయ పార్కు

రువాండా వాయవ్య మూలన, ఉగాండా, కాంగో ప్రజాస్వామ్య రిపబ్లిక్ సరిహద్దులు వచ్చి కలిసే చోట ఈ పార్కు ఉంది. విస్తీర్ణం దాదాపు 160 చదరపు కిలోమీటర్లు, అంటే మన మండలాల్లో చాలావాటికంటే పెద్దదేమీ కాదు. విరుంగా శ్రేణిలోని ఎనిమిది ప్రధాన అగ్నిపర్వతాల్లో అయిదు ఇక్కడే, కొన్ని పూర్తిగా పార్కు లోపల, కొన్ని సరిహద్దు గీత మీద నిలిచి ఉన్నాయి: కరిసింబి (4,507 మీటర్లు), ముహాబురా (4,127), బిసోకే (3,711), సబిన్యో (3,600 పైచిలుకు), గహింగా (3,474). కాంగో వైపు విరుంగా జాతీయ పార్కు, ఉగాండా వైపు మ్గహింగా గొరిల్లా జాతీయ పార్కు దీనికి ఆనుకుని ఉన్నాయి. మూడు దేశాలవి మూడు పేర్లే అయినా అడవి ఒకటే. పర్వత గొరిల్లాలను చూడడానికీ, అగ్నిపర్వతాల శిఖరాలు ఎక్కడానికీ ప్రపంచం నలుమూలల నుంచి జనం వస్తారు. ఈ పార్కుకు సందర్శకుడు కేవలం అతిథి కాడు. అడవిని నిలబెట్టే ఏర్పాటులో అతనూ ఒక భాగం. సందర్శకుల సంఖ్యను, వాళ్లు గడిపే సమయాన్ని, వాళ్లు నిలబడే దూరాన్ని ఎంత కచ్చితంగా అదుపులో ఉంచితే ఆ ఏర్పాటు అంత గట్టిగా పనిచేస్తుంది. దీనికి ఆధారాలు ఉన్నాయి. బలమైన అభ్యంతరాలూ ఉన్నాయి. రెంటినీ చూడకుండా ఈ పార్కు అర్థం కాదు.

మొదట నేల సంగతి. తూర్పు ఆఫ్రికాను చీలుస్తున్న మహాపగులు లోయ పశ్చిమ శాఖలో పుట్టిన కొండలివి. వీటిలో కాంగో వైపున్న న్యిరగోంగో, న్యమురగిర ఈనాటికీ రగులుతూనే ఉన్నాయి. న్యిరగోంగో లావా 2002లో గోమా నగరంలోకి పారింది, 2021 మే నెలలో మళ్లీ ఆ నగరం అంచుదాకా వచ్చింది. రువాండా వైపున్న అయిదూ మాత్రం ప్రస్తుతం నిద్రలో ఉన్నాయి. ఇక్కడి లావాలో పొటాషియం ఎక్కువ. అది చివికి ఏర్పడిన నల్లని, వదులైన నేలలో ఏది వేసినా పండుతుంది. దక్కను లావా శిలలు చివికి వికారాబాద్, ఆదిలాబాద్ ప్రాంతాల నల్లరేగడి ఏర్పడినట్టే ఇదీ, కాకపోతే ఇక్కడ వయసు చాలా తక్కువ, వాన చాలా ఎక్కువ. ఆ సారమే అడవికి ప్రాణం పోసింది, ఆ సారమే అడవి మెడకు ఉచ్చూ బిగించింది. పార్కు అంచున చదరపు కిలోమీటరుకు వందల మంది బతుకుతున్నారు. ఆలుగడ్డ, చిక్కుడు, జొన్న, పురుగుమందుకు పనికొచ్చే పైరెత్రం పూల పొలాలు కొండ పాదందాకా పాకి, ఒక రాతి గోడ దగ్గర ఠక్కున ఆగిపోతాయి. అవతల అడుగు వేస్తే వెదురు అడవి. పైకి పోతే నాచు వేలాడే హగేనియా చెట్లు, ఇంకా పైన మనిషికంటే ఎత్తు పెరిగే లొబీలియాలు, సెనీషియోలు, ఆ పైన గడ్డి, రాయి. లావా నేల నీళ్లను స్పంజిలా పీల్చేస్తుంది కాబట్టి ఇంత వాన పడినా ఊళ్లలో ఎండాకాలం నీటికి కటకటే. ఆడవాళ్లు, పిల్లలు డబ్బాలు పట్టుకుని పార్కు లోపలి మడుగులకు వెళ్లడం దీర్ఘకాలంగా ఉన్న సమస్య. ఇక్కడి అడవి కథను చెప్పేటప్పుడు ఈ రైతుల్ని పక్కన పెట్టడం కుదరదు.

పర్వత గొరిల్లా బయటి శాస్త్ర ప్రపంచానికి తెలిసింది తుపాకీ ద్వారా. 1902లో జర్మన్ సైనికాధికారి రాబర్ట్ ఫాన్ బెరింగే సబిన్యో కొండ మీద రెండు గొరిల్లాలను కాల్చాడు. జాతి శాస్త్రీయ నామంలో ఇప్పటికీ ఆయన పేరే ఉంది. 1921లో న్యూయార్క్ మ్యూజియం కోసం నమూనాలు సేకరించడానికి వచ్చిన కార్ల్ ఏక్లీ, పని ముగించుకుని వెళ్లాక, వీటిని కాపాడాలని బెల్జియం పాలకులను ఒత్తిడి చేశాడు. 1925లో ఆల్బర్ట్ రాజు పేరిట ఇక్కడ ఏర్పడినదే ఆఫ్రికాలో తొలి జాతీయ పార్కు. ఏక్లీ మరుసటి ఏడు మళ్లీ వచ్చి మికెనో కొండ వాలు మీదే చనిపోయాడు. కాగితం మీద రక్షణ ఇంత తొందరగా దొరికినా ఫలితం దక్కలేదు. 1959-60 నాటికి జార్జ్ షాలర్ అంచనా ప్రకారం విరుంగాల్లో దాదాపు 450 గొరిల్లాలు ఉండేవి. 1981 లెక్కకు వచ్చేసరికి 250 చిల్లర మిగిలాయి. ఆ ఇరవై ఏళ్లలో పార్కు హోదా ఎక్కడికీ పోలేదు. పోయింది నేల. 1960ల చివర పైరెత్రం సాగు పథకం కోసం యూరప్ సహాయంతో రువాండా భాగంలోంచి దాదాపు 10,000 హెక్టార్ల అడవిని తీసేశారు. దుప్పుల కోసం పన్నిన ఉచ్చుల్లో గొరిల్లాలు కాళ్లూ చేతులూ పోగొట్టుకున్నాయి. పిల్లల్ని పట్టుకోవడానికి పెద్దవాటిని చంపారు. హద్దు గీసి, చట్టం రాసి, అడవిని దాని మానాన వదిలేస్తే సరిపోతుందనే వాదానికి ఈ రెండు దశాబ్దాలే గట్టి జవాబు.

1967 సెప్టెంబరులో డయాన్ ఫాసీ కరిసింబి, బిసోకేల మధ్య కొండ కనుమలో కరిసోకే పరిశోధన కేంద్రాన్ని నెలకొల్పింది. గొరిల్లాలు మనిషి దగ్గరగా ఉన్నా బెదరకుండా తమ పని తాము చూసుకునేలా ఓపికగా అలవాటు చేయవచ్చని ఆమె పని రుజువు చేసింది. ఆమె ఎంతో ఇష్టపడ్డ డిజిట్ అనే మగ గొరిల్లాను 1977 చివరిరోజున వేటగాళ్లు చంపారు. 1985 డిసెంబరులో ఆమే తన గుడిసెలో హత్యకు గురైంది. ఫాసీకి పర్యాటకం మీద నమ్మకం లేదు. గస్తీ తిరగడం, ఉచ్చులు తెంచడం, వేటగాళ్లను తరమడమే రక్షణ అని ఆమె అభిప్రాయం. అదే కాలంలో అక్కడ పనిచేసిన బిల్ వెబర్, ఎమీ వెడర్ దంపతులు వేరే లెక్క వేశారు. ప్రభుత్వం మరో పెద్ద అడవి ముక్కను పశువుల పెంపకానికి ఇవ్వాలని అప్పట్లో ఆలోచిస్తుండేది. అంతకంటే ఎక్కువ రాబడి అడవే తెస్తుందని చూపించలేకపోతే గస్తీ తిరగడానికి అడవి అంటూ మిగలదు. 1979లో మొదలైన పర్వత గొరిల్లా ప్రాజెక్టు కొద్దిమంది సందర్శకులను, డబ్బు కట్టించుకుని, అలవాటుపడిన గుంపుల దగ్గరికి తీసుకెళ్లింది. ఇరు పక్షాల మాటా ఒక్కో మేరకు నిజమేనని తర్వాతి చరిత్ర చెబుతోంది. ఫాసీ కోరిన రోజువారీ కాపలా లేకుండా గొరిల్లా బతకదు. ఆ కాపలాకు జీతం ఎక్కడినుంచి రావాలన్న ప్రశ్నకు ఫాసీ దగ్గర నిలకడైన సమాధానం లేదు.

రోజువారీ కాపలా పనిచేస్తుందన్న వాదనకు అంకెల్లో ఆధారం 2011లో మార్తా రాబిన్స్, ఆమె సహపరిశోధకులు ప్రచురించిన అధ్యయనం. 1967 నుంచి 2008 వరకు విరుంగా గొరిల్లాల లెక్కలను వాళ్లు రెండుగా విడదీసి చూశారు. మనుషులకు అలవాటుపడి రోజూ పర్యవేక్షణలో ఉన్న గుంపులు ఏడాదికి సుమారు 4.1 శాతం చొప్పున పెరిగాయి. అలవాటుపడని గుంపులు ఏడాదికి 0.7 శాతం చొప్పున తగ్గాయి. రెండో రకం గుంపులకూ పార్కు చట్టం ఉంది, గస్తీ ఉంది. తేడా ఏమిటంటే, మొదటి రకం గుంపు వెంట ప్రతిరోజూ ట్రాకర్లు ఉంటారు. నిన్న రాత్రి ఎక్కడ పడుకున్నాయో అక్కడినుంచి ఆనవాలు పట్టుకుని బయల్దేరుతారు. ఏ పిల్ల కుంటుతోందో, ఏ ఆడది దగ్గుతోందో అదే రోజు తెలుస్తుంది. 1986 నుంచి పనిచేస్తున్న గొరిల్లా పశువైద్యులు అడవిలోకే వచ్చి ఉచ్చు తీస్తారు, అవసరమైతే మందిస్తారు. పర్వత గొరిల్లా జంతుప్రదర్శనశాలల్లో ఎక్కడా లేదు. అడవిలో పోతే ఇక పోయినట్టే. ఆడ గొరిల్లా దాదాపు నాలుగేళ్లకొక పిల్లను కంటుంది కాబట్టి ఒక్క ఉచ్చు చేసిన నష్టం పూడడానికి ఏళ్లు పడుతుంది. ఇక్కడ న్యాయమైన సందేహం ఒకటి వస్తుంది. అలవాటుపడిన గుంపులు మొదటినుంచీ మంచి మేత, మెరుగైన కాపలా ఉన్న చోట్లలోనే ఉన్నాయేమో, ఆ పెరుగుదల సందర్శకుల పుణ్యమేనని ఎలా చెప్పగలం? యుద్ధకాలం కొంత జవాబిస్తుంది. 1990లో అంతర్యుద్ధం మొదలై, 1994లో జాతిహత్యాకాండ జరిగి, పర్యాటకం ఆగిపోయి 1999లో గానీ తిరిగి మొదలుకాలేదు. అయినా 1989లో 320 పైచిలుకు ఉన్న విరుంగా గొరిల్లాలు 2003కు 380 అయ్యాయి. సందర్శకులు లేని రోజుల్లోనూ ప్రాణాలకు తెగించి గుంపుల వెంట వెళ్లిన స్థానిక ట్రాకర్ల వల్లనే ఇది చాలావరకు సాధ్యమైంది. కాబట్టి గొరిల్లాను కాపాడింది టికెట్ సొమ్ము అనడం సరికాదు, మనిషి కావలి అనాలి. శాంతికాలంలో ఆ కావలిని ఏళ్ల తరబడి నిలిపింది మాత్రం టికెట్ సొమ్మే. 2010లో 480, 2015-16 లెక్కలో 604. దగ్గరలోనే వేరుగా ఉన్న బ్విండి అడవివి కలుపుకుంటే వెయ్యి దాటాయి. 2018లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం పర్వత గొరిల్లాను అత్యంత ప్రమాదకర స్థితి నుంచి ఒక మెట్టు కిందికి దించింది. పెద్ద వానరాల్లో సంఖ్య పెరుగుతున్నది బహుశా ఇదొక్కటే.

సందర్శన నియమాలను ఈ వెలుగులో చదవాలి. రాజధాని కిగాలి నుంచి రెండు మూడు గంటల ప్రయాణంలో ముసాంజే పట్టణం, అక్కడికి దగ్గరలో పార్కు కార్యాలయం ఉన్న కినిగి. ఉదయం ఏడింటికి అందరూ అక్కడికి చేరితే, నడవగల శక్తిని బట్టి గైడ్లు గుంపులు పంచుతారు. ఒక గొరిల్లా కుటుంబం దగ్గరికి రోజుకు ఎనిమిది మందే వెళ్లాలి, ఒక గంటే ఉండాలి. పదిహేనేళ్ల లోపు పిల్లలకు ప్రవేశం లేదు. జలుబు, దగ్గు ఉన్నవాళ్లు ఆగిపోవాలి. కోవిడ్‌కు ముందు ఏడు మీటర్లుగా ఉన్న దూరాన్ని ఆ తర్వాత పదికి పెంచారు, మాస్కు తప్పనిసరి చేశారు. పర్యాటక గుంపులన్నీ నిండినా రోజుకు వంద మంది చుట్టుపక్కలే వెళ్లగలరు. ఇక్కడే అన్నిటికంటే బరువైన అభ్యంతరం వస్తుంది. మనిషికీ గొరిల్లాకూ జన్యుపరంగా తేడా చాలా తక్కువ, మన జలుబు వాటికి ప్రాణాంతకం కావచ్చు. 2009లో హిర్వా అనే గుంపులో శ్వాసవ్యాధి వ్యాపించి ఒక తల్లీ ఒక పసిపిల్లా చనిపోయినప్పుడు, వాటిలో దొరికింది మనుషుల్లో ఉండే మెటాన్యుమోవైరస్. ఇది ఊహాజనితమైన భయం కాదు. దీనివల్ల సందర్శనే ఆపేయాలని కొందరు అంటారు. కానీ అలవాటుపడని గుంపులు సందర్శకులు రాకపోయినా తగ్గిపోయాయని పై అంకెలు చెబుతున్నాయి. పైగా ఊరు అడవిని ఆనుకునే ఉంది, పొలాల్లోకి వచ్చే గొరిల్లాకు రోగం సందర్శకుడి నుంచే రానక్కరలేదు. నా దృష్టిలో ఈ అభ్యంతరం సందర్శనను కొట్టివేయదు, నియమాల్ని రాజీలేకుండా అమలు చేయాలంటుంది. ఫొటో కోసం మరో అడుగు ముందుకు వేయనివ్వమని గైడ్‌ను బతిమాలే సందర్శకుడు, తాను కట్టిన సొమ్ముతో నిలిచిన పనిని తానే చెడగొడుతున్నాడు. గైడ్ కాదనగలగాలి, అలా కాదన్నందుకు అతని బక్షీసు తగ్గకూడదు.

గొరిల్లాల ఖ్యాతి వల్ల ఈ పార్కులోని కొండ నడకకు రావలసినంత పేరు రాలేదు. బిసోకే ఒక్క రోజులో ఎక్కి దిగగల కొండ. శిఖరం మీద దాదాపు 400 మీటర్ల వెడల్పున్న బిలంలో సరస్సు, దాని మధ్యగా కాంగో సరిహద్దు. నిట్టనిలువు దారి, మోకాలిదాకా బురద, దారంతా ముట్టుకుంటే దద్దుర్లు లేచే ఆకులు. ప్యాంటు మేజోళ్లలోకి దూర్చి, చేతికి మందపాటి గ్లవుజులు తొడుక్కుని నడవాలి. కరిసింబికి రెండు రోజులు, రాత్రి సుమారు 3,700 మీటర్ల ఎత్తులో గుడారం. అక్కడి చలిని, పలచని గాలిని మైదానాల మనుషులు తక్కువగా అంచనా వేస్తారు. తలనొప్పి, వికారం మొదలైతే పట్టుదలకు పోకుండా దిగిపోవడమే మందు. సబిన్యో పళ్ల వరసలాంటి శిఖరాల్లో ఒకదానిమీద మూడు దేశాలూ కలుస్తాయి. ముహాబురా శంకువులాంటి కొండ, ఎండావానా తప్పించుకునే చోటు తక్కువ. ఫాసీ సమాధి, దాని పక్కనే ఆమె పాతిపెట్టిన గొరిల్లాల సమాధులు ఉన్న పాత కరిసోకేకి వెళ్లే దారి అడవిని నిదానంగా చూడాలనుకునేవాళ్లకు అన్నిటికంటే మేలు. వెదురు పొదల్లో తిరిగే బంగారు కోతులు విరుంగా కొండల్లోనూ దగ్గరి కొద్ది అడవుల్లోనూ తప్ప ప్రపంచంలో ఎక్కడా లేవు. అడవి దున్నలు, బుష్‌బక్‌లు, డూయికర్లు, కొద్ది ఏనుగులు ఉన్నాయి. దున్నల భయానికే ప్రతి బృందం వెంట తుపాకీ పట్టిన కాపలాదారు నడుస్తాడు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా, డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా దారులు కాస్త ఆరి ఉంటాయి. వానల్లో వెదురు కొమ్ములు లేచినప్పుడు గొరిల్లాలు వాటికోసం కిందికి దిగుతాయి, కాబట్టి బురదను ఓర్చుకునేవాళ్లకు ఆ కాలంలో నడక తగ్గవచ్చు. బరువు మోయడానికి పోర్టర్‌ను పెట్టుకోవడం శక్తి లేనివాళ్ల పని అనుకోకూడదు. అలా దొరికే కూలి నేరుగా పార్కు అంచున ఉన్న ఇంటికి చేరుతుంది. ఆ పోర్టర్లలో ఒకప్పుడు ఉచ్చులు పన్నినవాళ్లూ ఉన్నారు.

2017 మేలో గొరిల్లా అనుమతి ధరను 750 నుంచి 1,500 డాలర్లకు పెంచారు. ఉగాండాలో దానికి దాదాపు సగం ఉంది. ప్రకృతిని ధనవంతుల సొత్తు చేస్తున్నారన్న విమర్శ వెంటనే వచ్చింది, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. తన దేశపు జంతువును చూడడం సగటు రువాండా కుటుంబానికి, స్వదేశీయులకు తక్కువ ధర ఉన్నా, అందని పనే. అయినా ధరను మళ్లీ సగానికి తగ్గించి ఎక్కువమందిని రానిస్తే ఏమవుతుంది? రోజుకు వంద మంది అన్న పరిమితి జంతువు ఆరోగ్యం విధించినది. ధర తగ్గినంత మాత్రాన అది పెరగదు. వెళ్లేవాళ్ల సంఖ్య అంతే, చేతికొచ్చే సొమ్ము సగం అవుతుంది. కాబట్టి ధర పెంపును నేను సమర్థిస్తాను. సమర్థించలేనిది, స్థానిక బడిపిల్లలకు ఆ అడవితో పరిచయం కలిగించే పని ఆ ధర వెనక మరుగున పడడం. ఒకే ఆదాయం మీద ఆధారపడడం ప్రమాదమన్న వాదన ఇంకా పదునైనది. 2020 మార్చిలో కోవిడ్ వల్ల పార్కు మూతపడి రాబడి ఒక్కసారిగా ఆగింది. అదే ఏడాది జూన్‌లో ఉగాండా బ్విండిలో రఫీకి అనే పెద్ద మగ గొరిల్లా ఒక వేటగాడి చేతిలో చచ్చిపోయింది. ఈ లోపానికి జవాబు సందర్శకులు వచ్చిన ఏళ్లలో నిధి కూడబెట్టడం. విరాళాల మీద నడిచే పరిశోధన, వైద్య సంస్థలు పక్కన నిలబడడం వల్లనే ట్రాకర్లు ఆ నెలల్లోనూ అడవికి వెళ్లగలిగారు.

లెక్క తేలని బాకీ రైతుది. అడవిని కోల్పోయిన త్వాలది అంతకంటే పాతది. వేట, తేనె, దుంపలతో ఈ కొండల్లో బతికిన త్వాలు పార్కు హద్దుల వల్ల నేల లేనివాళ్లుగా అంచులకు చేరారు. పర్యాటకంలో వాళ్లకు దక్కిన చోటు చాలావరకు నాట్యం చేసి చూపించడానికే పరిమితమైంది. రైతు వైపు చూస్తే, దున్నలు రాకుండా పార్కు అంచు పొడవునా లావా రాళ్లతో గోడ పేర్చారు. అయినా అవి దూకుతూనే ఉంటాయి. 2005 నుంచి పార్కు రాబడిలో 5 శాతం చుట్టుపక్కల ఊళ్లకు ఇస్తున్నారు, 2017లో అది 10 శాతం అయింది. బడులు, ఆరోగ్య కేంద్రాలు, నీటి తొట్లు కట్టారు. ఇది నిజమైన మేలే. కానీ బడి ఊరందరిదీ, దున్న తొక్కింది ఒక్కడి ఆలుగడ్డ చేను. ఉమ్మడి మేలు విడి నష్టాన్ని పూడ్చదు. పంటనష్టానికి వెంటనే చెల్లింపు, ఇంటింటికీ నీరు, ఈ రెండూ ఊరి మనిషి అడవిలో అడుగుపెట్టే అవసరాన్ని ఏ గస్తీ కంటే ఎక్కువగా తగ్గిస్తాయి.

రక్షణ ఫలించడమే ఇప్పుడు కొత్త ఇబ్బంది తెచ్చింది. కరిసోకే ప్రాంతంలో గుంపులు విడిపోయి, ఎక్కువై, ఒకదాని దారిలోకి మరొకటి రావడంతో పోరాటాలు, వాటిలో పసిపిల్లల చావులు పెరిగి, వృద్ధి వేగం తగ్గిందని అక్కడి పరిశోధకులే నమోదు చేశారు. కొన్ని గుంపులు గోడ దాటి వచ్చి, మేతలో దొరకని సోడియం కోసం యూకలిప్టస్ బెరడు నముల్తున్నాయి. ఈ ఇరుకుకు పరిష్కారంగా రువాండా ప్రభుత్వం పార్కును దాదాపు నాలుగో వంతు పెంచే పథకం తలపెట్టింది. అంటే వేల కుటుంబాలు తరతరాలుగా దున్నిన లావా నేలను విడిచి, కొత్తగా కట్టిచ్చే ఊళ్లకు వెళ్లాలి. అడవికి చోటు కావాలన్నది నిజం, 1960లలో పోయిన నేలలో ఇది ఒక భాగమే. ఆ కుటుంబాలకు ఇచ్చే ఇల్లు ఎంత బాగున్నా సాగునేలకు సాటి రాదన్నదీ అంతే నిజం. పార్కు రాబడిలో పదో వంతు ఊళ్లకు చాలని 2017లో అనుకున్న లెక్కను, నేల వదిలే కుటుంబాల విషయంలో మొదటినుంచి మళ్లీ వేయాలి. వాళ్లకు పరిహారం ఒక్కసారి ఇచ్చి ఊరుకోకుండా, వదిలిన ప్రతి హెక్టారు మీద పార్కు రాబడిలో ఏటా వాటా రాసివ్వాలి.